‘ఇతరాలు’ కింద పెట్టిన చీటీ

ప్రశ్న: నేను విశాఖపట్నంలో డిజైన్ కోర్సు మూడో సంవత్సరం చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లో ఐదుగురం కలిసి ఒక గ్రూప్ ప్రాజెక్టు చేశాం. ఫిషింగ్ హార్బర్‌లో చేపలు పాడుకుని కాలనీల్లో అమ్మే ఆడవాళ్ళ కోసం, ఐసు తొందరగా కరగకుండా లోపల థర్మోకోల్ పొర, పైన మూత ఉన్న తట్ట తయారుచేశాం. మార్చిలో నేనూ ఇంకో అబ్బాయీ హార్బర్‌కి వెళ్ళి ఆరుగురితో మాట్లాడాం. మిగతా ముగ్గురూ చేపలు కొనేవాళ్ళ కోసం గూగుల్ ఫారం పెట్టారు. 112 మంది జవాబిచ్చారు. మూత ఉన్న శుభ్రమైన తట్టలో అమ్మితే కొంటామని 102 మంది అన్నారు. తట్ట తయారయ్యాక తీసుకెళ్ళి చూపిస్తే ఆ ఆరుగురూ బాగుందన్నారు. ఏప్రిల్ మూడో వారంలో ఇద్దరికి చెరొకటి ఇచ్చి వారం రోజులు వాడమన్నాం. మళ్ళీ వెళ్ళేసరికి ఒకావిడ అందులో ఉల్లిపాయలు పోసుకుంది. రెండో ఆవిడ దాన్ని బయటికి తియ్యనే లేదు.

ఇప్పుడు మేం వాడిన రీసెర్చ్ పద్ధతుల మీద రిఫ్లెక్షన్ రిపోర్టు రాయాలి. ‘91 శాతం ఒప్పుకున్నారు, మా డిజైన్ రుజువైంది’ అని రాద్దామంటున్నారు నా స్నేహితులు. ‘మా డిజైన్ ఫెయిలైంది’ అని రాయాలంటున్నాను నేను. ఇంకో సంగతి కూడా ఉంది. మార్చిలో వెళ్ళిన మొదటి రోజే ఒకావిడ ‘మూతేసీస్తే సేపనెవులు సూస్తారమ్మా’ అంది. నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తర్వాత మేం విన్న మాటల్ని చీటీల మీద రాసి, గోడకి అంటించి, ఒకలాంటివన్నీ గుంపులు చేసినప్పుడు అది ఎందులోనూ ఇమడలేదు. ‘ఇతరాలు’ కింద పెట్టాం. పెట్టింది నేనే. అది రాయాలా? మార్కులు పోతాయని వాళ్ళ భయం. అబద్ధం రాస్తున్నామని నా బాధ. మే మూడో వారంలో రిపోర్టు ఇచ్చెయ్యాలి.
— ఒక విద్యార్థిని, ఎం.వి.పి. కాలనీ

సమాధానం:

అమ్మాయీ, నీ స్నేహితులు చెప్పిన వాక్యం రాయొద్దు. నీ వాక్యం కూడా రాయొద్దు. మీ చేతిలో ఉన్న ఆధారాన్ని మించి మాట్లాడుతున్నాయి రెండూ. వాళ్ళ వాక్యం సంగతి నీకు తెలుసు కాబట్టే ఉత్తరం రాశావు. నీ వాక్యం సంగతి ముందు చూద్దాం.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లూ ఇంజను పడవలూ కట్టేస్తారు. మీరు తట్టలు ఇచ్చింది ఏప్రిల్ మూడో వారంలో. అంటే హార్బర్‌లో బోట్లు ఒకదాని పక్కన ఒకటి లంగరేసుకుని ఉన్న వారంలో. ఆ వారం ఆ ఇద్దరికీ అమ్ముకోవడానికి ఏం దొరికింది? ఇంజను లేని తెప్పల మీద వచ్చిన కాసిని చేపలా, చెరువు చేపలా, అసలేమీ దొరక్క ఇంట్లో కూర్చున్నారా? నీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. మీరు అడిగి ఉండరనిపిస్తోంది. తట్టలో ఉల్లిపాయలు ఉండడానికి కారణం మూత కావచ్చు. పోసుకోవడానికి చేపలే లేకపోవడం కావచ్చు. ఏది నిజమో తేల్చే దారి మీ దగ్గర లేనప్పుడు ‘ఫెయిలైంది’ అని ఎలా రాస్తావు?

ఇది చిన్న పొరపాటని దాటెయ్యకు. రిపోర్టులో దీనికి ఒక పేజీ ఇచ్చినా తప్పులేదు. ఈ ఊళ్ళో చేప తినే ప్రతి ఇంటికీ ఆ రెండు నెలల సంగతి తెలుసు, వంజరం ధర అడిగి వెనక్కి తిరిగి వచ్చేది అప్పుడే. మీ ఐదుగురిలో ఒక్కరికైనా తెలిసే ఉంటుంది. అయినా ఎవరికీ ఎందుకు తట్టలేదంటే, ట్రయల్ తేదీని మీరు సెమిస్టర్ క్యాలెండర్ చూసి పెట్టుకున్నారు. వాళ్ళ క్యాలెండర్ సముద్రం దగ్గర ఉంటుంది. మనం ఎవరి బతుకును చదవడానికి వెళ్తామో వాళ్ళ ఏడాది ఎలా నడుస్తుందో ముందు తెలుసుకోవాలని తరగతిలో ఎన్నిసార్లు విన్నా ఒంటికి పట్టదు. ఇలా ఒక్కసారి దెబ్బ తగిలితే పడుతుంది. అదే రాయి.

ఇక ఫారం. 112 మందిలో 102 మంది అంటే 91 శాతమే, లెక్క సరైందే. కానీ ఆ 112 మంది ఎవరు? మీ క్లాసు వాట్సాప్ గ్రూపూ, వాళ్ళ అమ్మలూ, పిన్నులూ అయ్యుంటారని నా ఊహ. మీరు మాట్లాడిన ఆరుగురి దగ్గర రోజూ చేప కొనే ఇళ్ళు అందులో ఎన్ని ఉన్నాయో ఒకసారి కూర్చుని లెక్కపెట్టండి. ఎన్నొస్తే అన్నీ రిపోర్టులో వెయ్యండి, సున్నా అయినా సరే.

దానికన్నా నన్ను ఆపింది ప్రశ్నలోని మాట. ‘శుభ్రమైన’ అని మీరే రాసి, కొంటారా అని అడిగితే, వద్దు మాకు మురికి తట్టే కావాలని ఎవరంటారు? ఆ ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది. పైగా ఫారం నింపే మనిషి ఎదురుగా చేప లేదు. అదే మనిషి పొద్దున్నే గుమ్మం ముందు తట్ట దింపించుకున్నప్పుడు ఏం చేస్తుంది? మొప్ప ఎత్తి ఎర్రగా ఉందా లేదా చూస్తుంది. కన్ను తేటగా ఉందా, లోపలికి పోయిందా చూస్తుంది. వేలితో నొక్కి కండ మళ్ళీ పైకి లేస్తోందో లేదో చూస్తుంది. ‘ఐసు చేపలా ఉందే’ అని మూతి విరిచి ధర తగ్గిస్తుంది. మీరు ఎంతో శ్రమపడి కాపాడిన ఐసు ఆమె కంటికి పాత సరుకు గుర్తు. ఫారంలో ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమె రోజూ చేసే పని గురించి మీరు అడగనే లేదు.

‘చివరిసారి చేప ఎప్పుడు కొన్నారు? ఎవరి దగ్గర? ఆ రోజు ఏదైనా చేప చూసి వద్దన్నారా, ఎందుకు?’ అని అడిగి ఉంటే మూత సంగతి ఫారంలోనే బయటపడేది. జరిగిపోయిన ఒక్క సందర్భాన్ని పట్టుకుని వివరంగా చెప్పించుకునే ఈ పద్ధతికి జాన్ ఫ్లానగన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో ఒక రూపం ఇచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా వైమానిక దళంలో పైలట్ల మీద చేసిన పనిలోంచి వచ్చింది అది. మీ అభిప్రాయం ఏమిటని అడిగితే మనుషులు మంచి అభిప్రాయాలే చెబుతారు. మొన్న ఏం జరిగిందని అడిగితే జరిగింది చెబుతారు.

ఆరుగురూ ‘బాగుంది’ అన్న దగ్గరికి వద్దాం. 2012లో అచ్చయిన ఒక పరిశోధన ఉంది. బెంగళూరులో 450 ఇంటర్వ్యూలు చేశారు. రెండు వస్తువులు చూపించి, వాటిలో ఒకటి ఇంటర్వ్యూ చేసే మనిషి తయారుచేసిందని తెలిసేలా చేశారు. ఆ రెండూ అచ్చంగా ఒకటే అయినప్పుడు కూడా, ఎదురుగా ఉన్న మనిషి చేసిన దాన్నే మెచ్చుకోవడం రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. అడిగేది దుబాసీ అవసరమైన విదేశీ పరిశోధకుడైతే అది ఐదు రెట్లయింది. ఎదుటి మనిషికీ తనకీ మధ్య హోదాలో ఎడం పెరిగేకొద్దీ మెప్పు కూడా పెరుగుతుందన్నమాట. కాలేజీ ఐడీ కార్డు మెళ్ళో వేసుకుని, ఫోన్లో రికార్డింగ్ నొక్కి, ‘అక్కా, ఇది మేమే చేశాం, ఎలా ఉంది’ అని నువ్వు అడిగావు. పొద్దున్నే పాట దగ్గర నిలబడి రూపాయి రూపాయికీ పోట్లాడే ఆ మనిషి నిన్ను చూసి ‘బాగుందమ్మా’ అంది. అది నీ మీద ఆమె చూపించిన మర్యాద. దాన్ని తట్ట ఖాతాలో జమ చేసుకోకూడదు.

ఈ తప్పు నాకు కొత్త కాదు. చదువుకునే రోజుల్లో మేం పూర్ణా మార్కెట్‌లో బస్తాలు మోసే కళాసీల కోసం భుజాల మీద వేసుకునే మెత్తలు కుట్టించాం. ‘భుజం నొప్పి వస్తుందా’ అని పదిహేను మందిని అడిగాం. అందరూ వస్తుందన్నారు. మెత్తలు పంచాక ఎవరూ వాడలేదు. చాలా రోజుల తర్వాత టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన అన్నాడు: ‘నొప్పి మోకాళ్ళల్లోనమ్మా. మీరు బుజం అడిగినారు, బుజమే సెప్పినాను.’ ఆ మాట మా రిపోర్టులో లేదు, రిపోర్టు అప్పటికే ఇచ్చేశాం. అందులో మేం రాసింది ‘వినియోగదారుల అవసరాన్ని గుర్తించాం’ అని. ఇన్నేళ్ళయినా ఆ వాక్యం గుర్తొస్తే మనసుకి కష్టంగా ఉంటుంది. నీకు అలాంటి మాట రిపోర్టు ఇవ్వక ముందే దొరికింది.

అందుకే నీ ఉత్తరంలో నేను మళ్ళీ మళ్ళీ చదివింది ఆ చీటీ దగ్గర.

చీటీలు గుంపులు చేసే ఆ పద్ధతి 1960లలో జపాన్‌లో పుట్టింది. జిరో కవకిత అనే మానవ శాస్త్రవేత్త నేపాల్ పల్లెల్లో తిరిగి పనిచేసినవాడు, 1984లో రామన్ మెగసెసే అవార్డు కూడా అందుకున్నాడు. తిరిగి వచ్చాక పోగుపడిన వివరాల్ని ఎలా అమర్చాలన్న అవసరంలోంచి ఆయన ఈ పద్ధతిని తయారుచేశాడు. ఆయన పేరులోని పొడి అక్షరాలతోనే దీన్ని కేజే పద్ధతి అంటారు. ఎందులోనూ ఇమడని చీటీని బలవంతంగా ఏదో గుంపులో కుక్కొద్దని అందులో ఒక నియమం. దాన్ని ఒంటరిగానే ఉంచి, మిగతా గుంపులతో సమానంగా చూడాలి. మీరు కుక్కలేదు, అంతవరకూ బాగానే ఉంది. కానీ ‘ఇతరాలు’ అనే పేరు పెట్టిన క్షణంలో దాన్ని చదవడం మానేశారు.

ఎందుకు మానేశారో రాయడమే నీ రిపోర్టుకి గుండెకాయ. నీకు కొన్ని ప్రశ్నలు వేస్తాను, నోట్‌బుక్ దగ్గర పెట్టుకుని జవాబు రాసుకో. ఆ రోజు చీటీ మీద నువ్వు ఏం రాశావు? ఆమె అన్న మాటే రాశావా, లేక ‘మూత: చేప కనబడదు’ అని కుదించావా? కుదిస్తే ఆ ‘ఎవులు సూస్తారమ్మా’ అన్నదాంట్లోని భయం పోతుంది. అమ్ముడుపోదేమోనన్న ఆ భయం పోయాక మిగిలింది ఒక చిన్న డిజైన్ సమస్యలా కనిపిస్తుంది, పారదర్శకంగా ఉండే మూత పెడితే సరిపోతుందనిపిస్తుంది. రెండోది, గోడ ముందు నిలబడ్డ ఐదుగురిలో ఆ మాట చెవులారా విన్నది ఎందరు? మీరిద్దరే. ఫారం పెట్టిన ముగ్గురికీ అది పసుపు కాగితం మీద మూడు పదాలు. మూడోది, అప్పటికే ‘ఐసు కరగడం’ గుంపులో ఎన్ని చీటీలున్నాయి? ఆరుగురిలో ఐదుగురు ఐసు అన్నారు, ఒక్కరే మూత అన్నారు, కాబట్టి ఐసుదే పెద్ద సమస్య అని లెక్కగట్టారా? ఆరు ఇంటర్వ్యూలు లెక్కలు కట్టడానికి చేసేవి కావు. అందులో ఒక్కరన్న మాట మిగతా ఐదుగురి దగ్గరికి మళ్ళీ పట్టుకెళ్ళి అడగాల్సిన ప్రశ్న అవుతుంది. అంతేగానీ ఆరింట ఒక వంతు అవదు. నాలుగోది అడగడానికి కాస్త ఇబ్బందిగా ఉంది, అయినా అడుగుతాను. నీకు అప్పుడే అనుమానం వచ్చిందా? వచ్చి, వాళ్ళ ఉత్సాహం చూసి ఊరుకున్నావా?

ఊరుకుని ఉంటే అదీ రాయి. గ్రూపులో ఎవరు మాట్లాడారు, ఎవరు మానేశారు అన్నది కూడా పరిశోధనలో భాగమే. మంచి పద్ధతి కూడా గదిలో గట్టిగా మాట్లాడేవాళ్ళ వైపుకే ఒరిగిపోతుంది. నేరం ఒప్పుకుంటున్నట్టు మాత్రం రాయకు. జరిగింది జరిగినట్టు, చల్లగా రాయి. నేనైతే ఇలా రాస్తాను:

“మూత వేస్తే కొనేవాళ్ళు చేపను చూడరని మార్చిలో ఒక అమ్మకందారు చెప్పారు. ఆమె మాటను నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను, చీటీ మీదికి వచ్చేసరికి కుదించాను. గుంపులు చేసేటప్పుడు ఒక్కరే అన్నారన్న కారణంతో దాన్ని ‘ఇతరాలు’లో పెట్టాను. హార్బర్‌కి రాని ముగ్గురు సభ్యులకి ఆ సంభాషణ వివరంగా చెప్పలేదు. మిగతా ఐదుగురినీ మూత గురించి మళ్ళీ అడగలేదు. ఆ రోజు నుంచి ట్రయల్ దాకా మూత ఉండాలా వద్దా అన్న ప్రశ్న మా చర్చల్లోకి రాలేదు.”

ఇందులో ఏడుపు లేదు, గొప్పా లేదు. మీ డైరీల్లో చూసుకుని నిజంగా జరిగినదాన్ని బట్టి మార్చుకో, నా మాటలు యథాతథంగా దించకు. ‘నేను’ అన్నచోట నేను, ‘మేము’ అన్నచోట మేము అని ఉందో లేదో చూసుకో. ఐదుగురు కలిసి రాసే రిపోర్టుల్లో తప్పులన్నీ ‘జరిగాయి’ అని ఉంటాయి, ఒప్పులన్నీ ‘చేశాం’ అని ఉంటాయి. దిద్దేవాళ్ళకి అది మొదటి పేజీలోనే కనబడిపోతుంది.

నువ్వు రాయని సంగతి ఒకటుంది. ఆరుగురితో మాట్లాడామన్నావు. ఎవరి వెంటైనా ఒక పూట వెళ్ళారా? పాట దగ్గర నుంచి ఆటో దాకా, ఆటో నుంచి కాలనీ మలుపు దాకా? వెళ్ళి ఉంటే చూసేవారు, నిండు తట్ట నెత్తికెత్తుకోవాలంటే ఇంకో మనిషి చెయ్యి వెయ్యాలి. చుట్టకుదురు సర్దుకుని, మెడ బిగపట్టి, ‘ఒక సెయ్యెయ్యమ్మా’ అని పక్కనున్న మనిషిని పిలవాలి. దించేటప్పుడూ అంతే. థర్మోకోల్ పొర, మూత చేరాక మీ తట్ట ఎంత బరువు పెరిగింది, ఎత్తుకోవడానికి పట్టు ఎక్కడుంది? ఇవి మాటల్లో రావు. రోజూ చేసే పని గురించి ఎవరూ చెప్పరు, అది వాళ్ళకి చెప్పదగ్గ విషయంలా అనిపించదు. పని జరిగే చోట, పని జరిగే వేళ శిష్యుడు గురువు దగ్గర కూర్చున్నట్టు కూర్చుని చూడమని చెప్పే పద్ధతి మీ సిలబస్‌లో ఉండే ఉంటుంది. మీరు మాటలు పోగుచేశారు, పనిని చూడలేదు. ఆ ఒక్క వాక్యం నిజాయితీగా రాసి, చూసి ఉంటే ఏం తెలిసేదో రెండు ముక్కలు రాస్తే చాలు.

చేపలకి ఐసు ఎంత వెయ్యాలి, ఎంతసేపు నిలుస్తాయి అన్నవి మీరు కొత్తగా కనిపెట్టనక్కర్లేదని కూడా గుర్తుపెట్టుకో. చేపల నిల్వ, ప్రాసెసింగ్ మీద పనిచేసే కేంద్ర సంస్థ సిఐఎఫ్‌టికి మన ఊళ్ళోనే ఒక పరిశోధన కేంద్రం ఉంది. సముద్ర చేపల మీద పనిచేసే సీఎంఎఫ్‌ఆర్‌ఐకి కూడా ఇక్కడ కేంద్రం ఉంది. అక్కడికి వెళ్ళకపోయి ఉంటే, వెళ్ళలేదని రాయి.

మార్కుల సంగతి. రిఫ్లెక్షన్ రాయడానికి గ్రాహం గిబ్స్ అనే ఆయన 1988లో ఇచ్చిన ఆరు మెట్ల చట్రం మీకు ఇచ్చి ఉంటారు: ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగుంది ఏది బాలేదు, ఎందుకు, ఏం తేలింది, ఇకముందు ఏం చేస్తావు. చాలామంది పిల్లలు ఆరు గళ్ళకీ తలో పేరా ఇచ్చి ముగించేస్తారు. ‘ఎందుకు’ అన్న గడి దగ్గర మూడు పేజీలు ఆగు, మిగతావి త్వరగా దాటెయ్యి. నేను చూసిన రిపోర్టుల్లో మంచి మార్కులు వచ్చినవి, గెలిచామని రాసినవి కాదు. ఒక్క నిర్ణయాన్ని పట్టుకుని అది ఎక్కడ పుట్టింది, ఏ ఆధారం దాన్ని నిలబెట్టింది, ఏ ఆధారాన్ని పక్కకి నెట్టారు అని చివరిదాకా వెంబడించినవి. మీకు అలాంటి నిర్ణయం మూత. ఇంటర్వ్యూ, ఫారం, చీటీల గోడ, నమూనా చూపించడం, ట్రయల్, ఈ ఐదూ ఆ మూత గురించి ఏం చెప్పగలిగాయి, ఏం చెప్పలేకపోయాయి అన్నది రాస్తే రిపోర్టు అదే నిండుతుంది. మీ కాలేజీలో దిద్దేవాళ్ళు ఎలా ఇస్తారో నేను హామీ ఇవ్వలేను. కానీ 91 శాతం అని రాశాక ‘ఆ 112 మంది ఎవరమ్మా’ అని వైవాలో ఒక్క ప్రశ్న వస్తే మీ ఐదుగురూ నిలబడలేరు. నీ స్నేహితులకి ఈ మాట చెప్పు. భయం వాళ్ళకే ఎక్కువ కాబట్టి, ఆ భయానికి ఎక్కడ నిజమైన కారణముందో వాళ్ళకే తెలియాలి.

వాళ్ళతో మాట్లాడేటప్పుడు మాత్రం ‘మీరు అబద్ధం రాస్తున్నారు’ అని మొదలుపెట్టకు. ఫారం కోసం వాళ్ళూ రాత్రులు కూర్చున్నారు. ముందు ఐదుగురూ విడివిడిగా అరగంట కూర్చుని, ‘మూత పెట్టాలని మనం ఎప్పుడు అనుకున్నాం, ఎందుకు’ అన్న ఒక్క ప్రశ్నకి జవాబు రాయండి. ఒకరిది ఒకరు చూడకుండా రాసి, ఆ తర్వాత చదువుకోండి. ఐదు కథలు వస్తాయి. అవి ఎక్కడ కలవలేదో అక్కడి నుంచి మాట్లాడుకోండి. చీటీ సంగతి ఆ కూర్చోవడంలో ముందు నువ్వే చెప్పు. నువ్వు నీ తప్పు చెప్పాక, ఫారంలో ‘శుభ్రమైన’ అన్న మాట ఎవరు పెట్టారో వాళ్ళూ చెప్పగలుగుతారు.

చివరగా ఆ ఇద్దరి గురించి. వాళ్ళిచ్చిన వారానికి, చెప్పిన మాటలకి మీరు తిరిగి ఏమిచ్చారో నీ ఉత్తరంలో లేదు. ఫొటోలు తీసి ఉంటే, రిపోర్టులో వాడుకుంటామని చెప్పి అడిగారా? అడగకపోతే ఆ ఫొటోలు వెయ్యొద్దు. తట్టలు వెనక్కి అడగొద్దు, ఉల్లిపాయలు ఉంటే ఉండనియ్యి.

నిషేధం జూన్ 14తో అయిపోతుంది. బోట్లు వెళ్ళి తిరిగి రావడానికి కొన్ని రోజులు పడుతుంది. జూన్ నెలాఖరులో ఒక తెల్లవారుజామున, తట్ట లేకుండా, ఫోన్ లోపల పెట్టుకుని, మార్చిలో వెళ్ళిన మీ ఇద్దరే కాకుండా ఐదుగురూ వెళ్ళండి. ఆ మాట అన్నావిడని వెతికి పట్టుకోండి. ఆరోజు నువ్వన్నది మేం సరిగ్గా వినలేదక్కా, మళ్ళీ చెప్పు అని అడగండి. ఆమెకి బేరాలు ఉన్నాయంటే పక్కన నిలబడి ఉండండి. తట్ట ఎత్తేటప్పుడు ఒక చెయ్యి వెయ్యండి.